పసిపిల్ల మురుగులు

నా చిన్నప్పుడు మా నాంపల్లి గల్లీలో ఎవరు బంగారం కొనాలన్నా, అమ్మాలన్నా ముందు మా తాతయ్యనే అడిగేవాళ్లు. అబిడ్స్‌లో ఒక నగల దుకాణంలో ఏళ్ల తరబడి గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. పొద్దున్నే పేపర్లో ధర చూసి, వచ్చే వారం పెరుగుతుందో తగ్గుతుందో అరుగు మీద కూర్చుని చెప్పేవాడు. చాలాసార్లు ఆయన అన్నట్టే జరిగేది. ధర తెలిసినవాడన్న పేరంటే ఆయనకు మహా ఇష్టం. బంగారం కూడా నిన్నడిగే లేస్తుందా అని మా నానమ్మ ఆటపట్టించేది.

ఒక ఏడాది పక్కింటి అక్క కూతురు జ్వరమొచ్చి చనిపోయింది. ఇంకా నడకైనా రాని పిల్ల. దాని చేతులకుండే బంగారు మురుగులు మిగిలాయి. పోయిన పిల్ల బంగారం ఇంట్లో ఉండకూడదని, కరిగించి అమ్మేయాలని అక్క అత్తగారు పట్టుబట్టింది. అక్క వాటిని కొంగున ముడేసుకుని తిరిగేది. ఒక్కసారైనా ఏడ్చేది కాదు.

అత్తగారు ధర అడగడానికి వచ్చిన రోజున అక్క వెనకాలే నిలబడి కొంగు గట్టిగా పట్టుకుని ఉంది. తాతయ్య ఆమె వైపు చూశాడు.

"ఇప్పుడమ్మితే నష్టపోతరమ్మా. వచ్చే వారం పెరిగేటట్టున్నది, జర ఆగున్రి," అన్నాడు.

పైసా దగ్గర గట్టి మనిషి కాబట్టి ఆవిడ ఆగింది. తర్వాతి వారమూ తాతయ్య అదే మాట చెప్పాడు, ఆ పై వారమూ అదే. నాకప్పటికి కూడబలుక్కుని చదవడం వచ్చు. పేపర్లో ధర తగ్గుతూనే ఉంది. తాతయ్య పొరబడ్డాడేమోనని చెప్పబోతే నన్ను దగ్గరికి తీసుకున్నాడు.

"బంగారానికి తొందర లేదు బిడ్డా. ఆ తల్లికే జర టైం కావాలె."

ఒకరోజు బేగం బజార్‌లో సరుకులకు వెళ్లిన అత్తగారికి అసలు ధర తెలిసింది. వచ్చి గల్లీలో నిలబడి, ముసలాయనకు మతి పోయిందని, తమను నిలువునా ముంచాడని నానా మాటలూ అంది. తాతయ్య తల వంచుకుని విన్నాడు గానీ కారణం చెప్పలేదు. అప్పుడు అక్క బయటికొచ్చి, మురుగులు తానే తీసుకెళ్తానని, తోడుగా తాతయ్య వస్తాడని అంది.

నేనూ వాళ్ల వెంట వెళ్లాను. కంసాలి ముందు కూర్చుని అక్క కొంగు ముడి విప్పింది. మురుగును తన రెండు వేళ్లకు తొడుక్కుని చూసుకుంది. పిల్ల పోయాక మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంకొన్ని రోజులు ఆగుదామా అని తాతయ్య అడిగాడు.

"వద్దు తాతా. అప్పుడైతే నా చేతులకెళ్లి గుంజుకున్నట్టుండేది. ఇప్పుడు నేనే ఇస్తున్న."

ఆ తర్వాత మా అరుగెక్కి ధర అడిగినవాళ్లు లేరు. తాతయ్య ఒక్కడే కూర్చుని పేపరు చదువుకునేవాడు. చూస్తే నాకు దుఃఖం వచ్చేది.

ఇప్పుడు ధరలన్నీ అందరి ఫోన్లలోనే ఉన్నాయి. మొన్న మా పైఅంతస్తులో కిరాయికుండే ఆయన సలహా అడగడానికి వచ్చాడు. భార్య పోయి ఇంకా నెల కాలేదు. ధర పడిపోయేలోపు ఆమె గొలుసు అమ్మేయమని ఇంట్లో అంటున్నారట. గుప్పిట్లో ఉన్న గొలుసును ఆయన నాకు చూపించలేకపోయాడు. ధరల సంగతి నాకేం తెలుసు? అయినా పెరిగేలా ఉంది, కొన్నాళ్లు ఆగమని చెప్పాను.