గాలిదొర వీపున రెండు కాజాలు

పందొమ్మిదేళ్లపాటు ఆయనకు సినిమాల్లో దొరికినవన్నీ పడుకునే వేషాలే. ఆసుపత్రి మంచం మీద రోగి, రోడ్డు పక్కన తాగుబోతు, లేకపోతే శవం. ఆ సినిమా కంపెనీలోనే దుస్తులు కుట్టే ఆయన భార్య, "మా ఆయన నిలబడి నటిస్తే చూడాలని ఉంది" అని అందరితో చెప్పి నవ్వేది. నవ్వేదే గానీ, ఊపిరి బిగబట్టి అంత చక్కగా చచ్చిపోయేవాడు ఇంకొకడు లేడని ఆమెకు లోలోపల గొప్పే.

నలభై ఆరో ఏట అదృష్టం తలుపు తట్టింది. ఆకాశంలో ఎగిరొచ్చి జనాన్ని కాపాడే గాలిదొర వేషం వేయాల్సిన కుర్రాడు కాలు విరగ్గొట్టుకున్నాడు. కుట్టిన దుస్తులు సరిపోయాయని ఈయన్ని నిలబెట్టారు. నిజానికి సరిపోలేదు. నడుము దగ్గర నాలుగంగుళాలు వదులు చేసి సరిపెట్టింది భార్యే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

నీలం దుస్తులు, భుజాల నుంచి మడమల దాకా జారే రెక్కలగుడ్డ. వీపున రెండు పెద్ద కాజాలు. తాళ్ల కొక్కేలు వాటిలోంచి దూర్చి లోపలి బెల్టుకు తగిలిస్తారు. ఆయన కుడి పిడికిలి పైకెత్తగానే తెర వెనక నలుగురు తాళ్లు లాగుతారు. ఆయన పైకి లేచి, "గాలికి తలుపులెందుకు?" అంటాడు. అంతే, హాల్లో ఈలలు.

సినిమా ఆడాక వీధి వీధంతా ఆయన్ని మునగచెట్టెక్కించింది. కారు బురదలో దిగబడితే గాలిదొర, బీరువా మేడెక్కించాలంటే గాలిదొర. పాపం, కాదనడం ఆయనకు పుట్టుకతోనే రాదు. కొన్నాళ్లకు ఇంట్లోనూ గాలిదొర గొంతే. ఉతకడానికని ఆమె ఇంటికి తెచ్చిన దుస్తులు వేసుకుని తిరగడం, మెట్ల దగ్గరి పిట్టగోడ దాటి వంటింటి కిటికీలోంచి ఊడిపడడం.

"ఏమండీ, పాలగిన్నె తన్నేస్తారు. మనుషుల్లా గుమ్మంలోంచి రండి."

"గాలికి తలుపులెందుకే?"

"గాలికి మోకాళ్ల నొప్పులు కూడా ఉండవు."

వాళ్లది రెండో అంతస్తు. పైన రిటైరైన టీచరమ్మ ఒక్కతే ఉంటుంది, చూపు బాగా తగ్గింది. ఏడేళ్లపాటు రోజూ పొద్దున్నే ఆయన పైకెళ్లి పేపరు చదివిపెట్టేవాడు. మంత్రి మాట్లాడితే మంత్రి గొంతు, ప్రతిపక్షం మాట్లాడితే ఆ గొంతు. గాలిదొర అయ్యాక తీరిక చిక్కలేదు. బదులుగా భార్య వెళ్తే, "బాగానే చదువుతావమ్మా, మంత్రే సరిగ్గా రావట్లేదు" అని టీచరమ్మ నిట్టూర్చేది.

ఒక ఆదివారం పొద్దున పై ఇంటి బాత్‌రూమ్ వెంటిలేటర్‌లోంచి టీచరమ్మ కేక వినిపించింది. గడియ బిగుసుకుపోయిందట, బయటికి రాలేకపోతోందట. ఆవిడ ఇంటి తాళంచెవి ఒకటి వీళ్ల వంటింటి మేకుకు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. భార్య అది తీసుకుని వెనక్కి తిరిగేసరికి, దొరవారు నీలం దుస్తుల్లో కిటికీ అవతల, సన్‌షేడ్ మీద ఉన్నారు.

ఆయన ఎడంచేత్తో గోడ పైపు పట్టుకుని, కుడి పిడికిలి పైకెత్తాడు. ఎత్తి, అలాగే ఆగాడు. ఎందుకు ఆగాడో ఆమెకు తెలుసు. తాడు లాగుతారని చూస్తున్నాడు. మడమలు లేచాయి, పైపు మీది చెయ్యి వదులయింది.

ఆమె కిటికీలోంచి సగం బయటికి వంగి, రెండు కాజాల్లోనూ వేళ్లు దూర్చి లాగిపట్టింది.

"తాడు నా చేతిలో ఉందండీ. వెనక్కి రండి."

వచ్చాడు. వంటింటి గచ్చు మీద కూలబడ్డాడు. ఆమెకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ నాలుగంగుళాలు వదులు చెయ్యకపోయి ఉంటే ఎంత బాగుండేదని తనను తానే తిట్టుకుంది.

"మెట్ల మీంచి పదండి" అంది.

పైకెళ్లి తాళం తీశారు. ఆమె వడ్రంగికి ఫోను చేస్తుంటే, ఆయన బాత్‌రూమ్ తలుపు ముందు నిలబడి గొంతు సవరించుకుని గాలిదొర గొంతు అందుకున్నాడు.

"భయపడకండి! గాలిదొర వచ్చాడు!"

లోపల్నుంచి ఏడుపు గొంతుతో, "ఎవరు నాయనా నువ్వు? నాకు తెలీదే. నీకు పుణ్యముంటుంది, కింది ఇంటాయన్ని పిలువు. పేపరు చదివే ఆయన. ఆ గొంతు వింటే నాకింత భయం ఉండదు" అంది టీచరమ్మ.

ఆయన భార్య వంక చూశాడు. ఆ ముఖం చూడలేక ఆమె గుమ్మంలో పడున్న పేపరు తెచ్చి చేతికిచ్చింది. ఆయన రెక్కలగుడ్డ పక్కకు లాక్కుని నేల మీద చతికిలబడ్డాడు.

"నేనేనండీ టీచరుగారూ. ఇక్కడే ఉన్నా. ఇవాళ మంత్రిగారు ఏమన్నారంటే..."

వడ్రంగి వచ్చేసరికి గంట పట్టింది. అప్పటికి మంత్రి మూడుసార్లు మాట్లాడాడు, లోపలి నుంచి రెండుసార్లు నవ్వు వినిపించింది. తలుపు ఊడదీశాక టీచరమ్మ చేత్తో తడుముకుంటూ వచ్చి ఆయన భుజం పట్టుకుంది. నీలంగుడ్డ చేతికి తగిలింది.

"ఇదేమిటి నాయనా, దుప్పటి కప్పుకున్నావు? ఒంట్లో బాగాలేదా? అందుకేనా ఇన్నాళ్లూ రాలేదు?"

"దుప్పటి కాదండీ, వేషం. మా ఆవిడ కుట్టింది" అన్నాడాయన తన మామూలు గొంతుతో. "రేపు పొద్దున్నే వస్తాను. తలుపు తీసి ఉంచండి."