వేడుకోని అర్జీ

పక్కవాటాలో ఎవరో ఎండురొయ్యలు వేపుతున్నారు. ఆ ఘాటు తగలగానే డైరీ మూసేశాను. పటమటలో మా పెరటి రేకుల గదిలో అద్దెకున్న మంగమ్మత్తయ్య వాటిని మిరపకాయలతో దంచి, అన్నంలో కలిపి నాకు పెట్టేది. ఆమె రంగూన్‌లో పుట్టిన తెలుగు మనిషి. అక్కడి ప్రభుత్వం కుట్టు మిషన్ల కొట్టు లాక్కుంటే మొగుడితో, ఇద్దరాడపిల్లలతో ఓడెక్కింది. మొగుడు జ్వరంతో దారిలోనే పోయాడు. శవాన్ని సముద్రంలోకి దించేశారు.

నేనప్పుడు ఇంటర్మీడియట్ చదివేదాన్ని. నలుగురిలో నోరు పెగిలేది కాదు. దస్తూరి మాత్రం బాగుంటుందని పేరు. బర్మా కాందిశీకులకు రాష్ట్ర ప్రభుత్వం ఊరి చివర కాలనీ కడుతోందని విని, అత్తయ్య నాచేత అర్జీ రాయించింది. ఆమెకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. "తమ పాదములకు నమస్కరించి దీనురాలు వేడుకొనునది" అని నలుగురూ రాసే పద్ధతిలోనే రాసి వినిపించాను.

"ఎవరే ఆ దీనురాలు?" అంది.

"అర్జీలో అలాగే రాస్తారత్తయ్యా."

"పదిమందికి కుట్టు నేర్పి బతికించినదాన్ని. ఇల్లు అడుగుతున్నానని రాయి. ఆ కాళ్ళూ గీళ్ళూ తీసెయ్."

భయపడుతూనే కొట్టేసి మళ్ళీ రాశాను.

తాలూకాఫీసు గుమాస్తా అది చదివి, "ఇది అర్జీయా, లాయరు నోటీసా?" అని నవ్వాడు. ఇల్లు కుటుంబ యజమాని పేరునే ఇస్తారట. యజమాని పోతే, పోయిన ఊరి నుంచి మరణ ధ్రువపత్రం తేవాలట.

"సముద్రంలో పోయాడండీ. ఓడ కెప్టెను రాసిచ్చిన కాగితం ఇదిగో."

"అది మాకు చెల్లదమ్మా. ఊరి పేరు చెప్పు."

"నీళ్ళకి ఊరేంటయ్యా? చేపల్నడిగి రాయించుకు రమ్మంటావా?"

వరండాలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఓడ దిగిన రోజున ఆ కాగితం చూసే కదా, క్యాంపులో ఈ ప్రభుత్వమే ఆయన్ని తీసేసి ముగ్గురికే బియ్యం కొలిచింది! బియ్యం దగ్గర చచ్చినవాడు ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఎలా బతికాడు?

అలా ఏడాది తిరిగాం. కాలనీ ఇళ్ళకు తలుపులు కూడా బిగించేశారు. చివరిసారి అత్తయ్య నన్ను ముందుకు తోసి, "నువ్వడుగు. నాకు చదువు రాదనే కదా వీళ్ళ ధైర్యం" అంది.

"ఇవ్వం అన్న మాట కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గుమాస్తా లోపలికి వెళ్ళి ఆఫీసరును పిలుచుకొచ్చాడు. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "రూలంతే" అని వెళ్ళిపోయాడు. ఇద్దరిలో ఒక్కరూ కలం తియ్యలేదు.

ఇల్లు రాలేదు. ఆమెకు రావలసిన ఇంట్లో మిగిలిన సిమెంటు బస్తాలు పెట్టి తాళం వేశారు. అత్తయ్య కొన్నాళ్ళకు కొండపల్లిలో పెద్దకూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేనూ ఒక ఆఫీసులో బల్లకి ఆ పక్కన కూర్చుంటున్నాను. ఎవరినైనా కాదనవలసి వస్తే, ముందు ఆ మాట కాగితం మీద రాస్తాను. కింద నా పేరు పెట్టడానికి చెయ్యి రాకపోతే, ఫైలు పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్తాను. అక్కడ మాట ఇప్పటికీ తడబడుతుంది. అయినా ఇది తప్పని చెప్పకుండా బయటికి రాను.