నట్టల మందు యాప్‌లో మా నాయన ఈల

ఎవరైనా దయ్యాల సంగతి చెబితే నేను పకపకా నవ్వేసేదాన్ని. ఇప్పుడూ నమ్ముతున్నానని అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీరే ఆలోచించండి.

బత్తలపల్లి దగ్గర పల్లె మాది. ఇంటర్ మధ్యలో మానేసి ధర్మవరంలో ఒక సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తున్నాను. మా నాయన గొర్రెలు కాసేవాడు. పోయిన ఎండాకాలం గుండెనొప్పితో చనిపోయాడు. ఆయన ఫొటోలు నా ఫోన్‌లో బోలెడున్నాయి. ఆయన ఈల మాత్రం లేదు. గొర్రెల దొడ్డి తడిక తీస్తూ వేసేవాడు. ముందు పన్ను ఊడిపోవడంతో చివర్లో గాలి జారేది. ఒక్కసారైనా రికార్డు చేయలేదే అని ఏడవని రోజు లేదు.

గొర్రెలకు కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు ఎప్పుడు తాగించాలో అన్నీ నాయన తలలోనే ఉండేవి. ఇప్పుడు నేనూ, నాయనను కన్న మా అవ్వా మరిచిపోతున్నాం. అందుకే ఒక ఆదివారం, తెలుగులో చెబితే కోడ్ రాసిపెట్టే ఏఐతో గుర్తుచేసే యాప్ చేయించాను. నాకు కోడ్ ఒక్క ముక్క రాదు. అన్నం ఉడికేలోపు యాప్ తయారు!

"గొర్రెలకీ ఫోనా? ఇంక వాటికి ఆధార్ కార్డు కూడా తీయించు పాపా," అని అవ్వ ఎగతాళి చేసింది.

మందు రోజు మోగడానికి ఏదైనా చిన్న శబ్దం పెట్టమన్నాను, అంతే. ఈల మాటే ఎత్తలేదు. దొడ్డి దగ్గర నిలబడి యాప్‌లో బటన్ నొక్కి చూశాను.

అది నాయన ఈల. చివర్లో గాలి జారడంతో సహా.

దొడ్డిలో మేస్తున్న గొర్రెలన్నీ తలలెత్తాయి. నా వైపు కాదు, తడిక వైపు చూశాయి. తర్వాత రెండుగా చీలి, మధ్యలో మనిషి నడిచేంత దారి వదిలాయి. నాయన లోపలికొస్తే అలాగే చేసేవి.

అవ్వ చేతిలోంచి చాట జారిపోయింది. "వాడు వచ్చినాడేమే? యాడుండాడు?"

శబ్దం ఇందులోంచే వచ్చిందని ఫోన్ చూపించాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఈ బొత్తాం నా కంటికి ఆనదు. పెద్దది చెయ్ పాపా, నేనే నొక్కుకుంటా."

బటన్ పెద్దది చేయమంటే ఏఐ యాప్ మొత్తం మళ్లీ రాసేసింది. పాతది దాచుకోవాలని నాకు తెలియదు. అవ్వ నొక్కితే ఉత్త గంట మోగింది.

పాత శబ్దమే కావాలని ఎన్ని రకాలుగా అడిగానో! ప్రతిసారీ అదే పెట్టానంటుంది. మోగేది వేరే. షాపుకొచ్చే, కంప్యూటర్ పని తెలిసిన ఒక అన్న, "మామూలు బీపే అయ్యుంటాది. నీ మనసుకి అట్ల వినపడింది," అన్నాడు. నా మనసు సరే, గొర్రెల మాటేంటి?

ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం షాపు నుంచి రాగానే కొత్త శబ్దం పెట్టించి నొక్కుతాను. గొర్రెలు మేస్తూనే ఉంటాయి. అవ్వ మాత్రం తడిక తీసి పట్టుకుని నిలబడుతుంది.

"ఇది కాదులే," అంటుంది. "ఇంకొకటి కొట్టు పాపా."