తుక్కు ధర

పాత కుట్టుమిషన్లు బాగుచేసి అమ్మే మెకానిక్‌కు ఒక పాడు అలవాటు ఉండేది. నిజం రాసేవాడు. ప్రతి మిషన్‌కూ ఒక చీటీ అంటించి, ఏది విరిగిందో, ఏది మార్చాడో, ఏది ఇంకో ఏడాదికి మించి పనిచేయదో పూస గుచ్చినట్టు రాసేవాడు. ఎదురుకొట్టు యజమాని తుక్కు మిషన్లకు నల్లరంగు పూసి, బంగారు పువ్వు అద్ది చవకగా అమ్మేవాడు. లోపల ఏముందో కొనేవాళ్ళకు కనబడదు కదా! అందుకని మంచి మిషన్‌కూ తుక్కు ధరే అడిగేవాళ్ళు. ఆ ధరకు విడిభాగాల ఖర్చు కూడా రాదు. వీధిలో నిజాయితీగా బాగుచేసే కొట్లు ఒక్కొక్కటే మూతబడి, చివరికి ఇతనొక్కడే మిగిలాడు.

"ఇప్పుడు బాగుచేసిన ఈ మిషన్ కూడా అమ్ముడుపోకపోతే కొట్టు మూసేద్దామండీ. ఎదురుకొట్టాయన రంగులేసే పని ఇస్తానంటున్నాడుగా," అంది భార్య.

"వాడి దగ్గరా? ఛీ!"

మర్నాడే ఒకావిడ వచ్చింది. బట్టలు కుట్టి ఇల్లు గడుపుకోవాలని ఆమె ఆశ. చీటీ చదివి మొహం చిట్లించింది.

"ఇన్ని రోగాలా బాబాయ్ గారూ?"

"నయం చేసిన రోగాలమ్మా అవి."

"మీరే ఇన్ని ఒప్పుకున్నారంటే, ఒప్పుకోనివి ఇంకెన్నున్నాయో!"

నేరుగా ఎదురుకొట్టుకు వెళ్ళి పువ్వు మిషన్ కొనుక్కుపోయింది. నిజం చెప్పినవాడే దొంగలా కనబడే దిక్కుమాలిన బజారు అది. పోనీ ఆవిడను తిట్టుకుందామా అంటే, ఆవిడకు మాత్రం ఎలా తెలుస్తుంది?

పదో రోజున అదే మిషన్ మోసుకుంటూ, ఆయాసపడుతూ వచ్చింది. అమ్మాక తనకు సంబంధం లేదన్నాడట ఆ పెద్దమనిషి. మెకానిక్ విప్పి చూశాడు. పళ్ళు అరిగిపోయిన చక్రాల మధ్య, చప్పుడు రాకుండా గ్రీజు కూరి ఉంది.

"వారం రోజులు తిరిగేలా చెయ్యండి చాలు. ఈలోపు అమ్మేస్తాను," అంది ఆవిడ.

"ఎవరికి?"

ఆవిడ తల దించుకుంది. "మా తోటికోడలికి. తనూ కుట్టుపని మొదలెడతానంటోంది."

మెకానిక్‌కు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గు లేదూ? సొంత మనిషి గొంతు కోస్తావా?"

"నా గొంతు కోసినప్పుడు ఎవరడ్డొచ్చారు బాబాయ్ గారూ?" అని భోరుమంది.

ఆవిడదీ, అమ్ముడుపోని తనదీ ఒకే రకం మిషన్లు. మెకానిక్ తన మిషన్‌ను బల్ల మీదికి ఈడ్చి, దాని చక్రాలూ షటిలూ ఊడబెరికి ఆవిడ మిషన్‌కు బిగించాడు. ఎదురుకొట్టువాణ్ణీ, ఆవిడనూ, తననూ కలిపి తిడుతూనే బిగించాడు.

"తీసుకుపో. ఆ పిల్లనైనా బతకనీ."

మిషన్ భేషుగ్గా తిరిగింది. తోటికోడలు కొనుక్కుని మురిసిపోయి, ఎక్కడిదని అడిగిన ప్రతివాళ్ళకూ బంగారు పువ్వు చూపించి ఎదురుకొట్టు పేరే చెప్పింది. అక్కడ జనం ఎగబడ్డారు. ఇక్కడ ఈగలు తోలుకోవడమే మిగిలింది. నెలాఖరుకు మెకానిక్ కొట్టు మూసి రోడ్డు దాటాడు.

ఎదురుకొట్టు యజమాని అతని చేతికి కుంచె ఇచ్చాడు. "మన మిషన్లకి ఇప్పుడిప్పుడే మంచి పేరొస్తోంది. ఆ పేరు చెడగొట్టకుండా జాగ్రత్తగా వెయ్యి," అన్నాడు.