మూడో సిరా

సంధ్యారాణి పగబడితే చోడవరం బెల్లం కూడా చేదెక్కుతుందని వాళ్ల వీధిలో చెప్పుకుంటారు. అందులో అబద్ధం వీసమెత్తే. చిన్నప్పుడు తన రిబ్బను నమిలిన మేక ముసలిదయ్యేదాకా ఓపిగ్గా కాచుకుని, దాని గడ్డం కత్తిరించింది.

అలాంటి పిల్లతో మేనత్త కొడుకు కేదార్ పెట్టుకున్నాడు. ఇద్దరూ విశాఖలో ఒకే ల్యాబు, బావ సీనియరు. వెలుతురు తగిలితే కరెంటు పుట్టించే కర్బన పదార్థాలు రెండింటిని సిరాలా కలిపి, పల్చటి ప్లాస్టిక్ మీద పూసి సెన్సర్లు చేసేవారు. వేలికి చుడితే, నెత్తురు పారినప్పుడల్లా మారే వెలుతురును బట్టి స్పీకర్లో నాడి వినిపించాలి. కానీ ఆ పొర చీకట్లో కూడా ఊరికే కరెంటు కార్చేది. స్పీకర్లో అది గురగురమనేది, అందులో నాడి మునిగిపోయేది. సంధ్యారాణి మూడో పదార్థం కలిపింది.

"ఏటే ఇది, సెన్సరా, కిచిడీయా?" అని కేదార్ అందరి ముందూ నవ్వి, దాన్ని చెత్తబుట్టలో పడేశాడు.

ఆమె ఏరుకుంది. పాళ్లు మార్చి మార్చి పూసింది. చివరికి గురగుర అణిగింది. కంటికి ఆనని కాంతిని కూడా ఆ పొర పట్టింది. మర్నాటి నుంచి ఆ ఆలోచన తనదేనని కేదార్ చాటుకున్నాడు. ఆమె తగువాడలేదు, నవ్వింది. మేక సంగతి తెలిసినవాళ్లకు ఒళ్లు జలదరించింది.

చోడవరంలో ఓ కాలేజీ ప్రదర్శన. హాలు నిండా చుట్టాలే. "నేను కనిపెట్టిన మూడు పదార్థాల సెన్సరు" అని కేదార్ మొదలెట్టగానే, సంధ్యారాణి స్పీకరుతో స్టేజీ ఎక్కింది.

"బావా, ఏదీ, నీ వేలు ఇలాగియ్యి. అందరికీ ఇనిపించాల గదా."

ముందు పాత పొర చుట్టింది. గుర్రుమంది, అంతే. తీసి, తనది చుట్టింది. లబ్ డబ్, లబ్ డబ్. జనం చప్పట్లు కొట్టారు.

"ఇప్పుడు సెప్పు బావా, మూడోది ఏటి కలిపేవు?"

"అదీ... పాలిమరు."

"ఏ పాలిమరు? ఏ పాళ్లలో?"

స్పీకరు దడదడలాడింది.

"ఓలమ్మో, గుండె రైలెక్కేసిందిరా!" అని వెనక బెంచీ నుంచి పరదేశి మావ అరిచాడు.

కేదార్ వేలు లాక్కోబోయాడు. ఆమె అతని మణికట్టు ఒడిసిపట్టింది.

"నీ ఐడియాయేనే," అని గొణిగాడు. "ఒగ్గేయవే."

"మైకులో సెప్పు."

చెప్పాడు. అతని తల్లి రమామణి లేచి నిలబడింది. "ఒసే సంధ్యా, సెప్పేసేడు గదే, ఇంక ఒగ్గేయవే!"

"ఉండత్తా," అంది సంధ్యారాణి, సౌండు పెంచుతూ. "బెదిరిన గుండె రీడింగు మాకిప్పటిదాకా దొరకలేదు."