వెనక సీటు బరువు

అనకాపల్లిలో గేట్లకూ గ్రిల్స్‌కూ వెల్డింగ్ చేసుకుని బతికే పైడిబాబు తన చేత్తో ఒక కారు కట్టాడు. పాత ఆటో ఇంజను, తుక్కులో కొన్న వ్యాను ఇరుసు, ఇనుప గొట్టాల చట్రం. భార్య అప్పలకొండమ్మకు మోకాళ్లు అరిగిపోయి ఆటో మెట్టు ఎక్కలేకపోతోంది. అందుకని కారు అడుగు నేలకు జానెడు ఎత్తులోనే పెట్టాడు. తలుపు తీసి వెనక్కి తిరిగి కూలబడితే చాలు, సీటు అందుతుంది.

ఆయనకు మాటల మీద గౌరవం లేదు. ఎవరైనా సలహా చెప్పబోతే గ్రైండర్ ఆన్ చేసేవాడు.

బ్రేకు కేబుళ్లు వేరే బండివి, బాగా పొడుగు. మిగిలింది చుట్టచుట్టి చట్రానికి కట్టేయడం ఆయనకు నచ్చదు. కోసే చోట ముందుగా తగరం పోసి, అది గట్టిపడ్డాక కోశాడు, పోగులు విడిపోకుండా. కొసను పువ్వులా విప్పి ఇత్తడి గుండీలో దూర్చి మళ్లీ తగరం నింపాడు. బలంకొద్దీ లాగాడు. ఊడలేదు. అంతవరకు పని బాగుంది.

ఆ తర్వాత చట్రం నుంచి వెనక చక్రం దాకా కేబుల్ మీదుండే తొడుగు తీసిపారేశాడు. వట్టి తీగ గీత గీసినట్టు తిన్నగా కనబడితే ముచ్చటేసింది. బిగువు సరిచేసినప్పుడు కారు స్టాండ్ల మీదుంది. వెనక చక్రాలు గాలిలో వేలాడుతున్నాయి.

"బావా, ఎనకాల మనుషుల్ని కూకోబెట్టి ఓపాలి సూడు," అన్నాడు పక్క షెడ్డులో ఆటోలు బాగుచేసే నూకరాజు.

పైడిబాబు గ్రైండర్ ఆన్ చేశాడు. తనొక్కడూ వీధంతా తిరిగొచ్చాడు. బ్రేకు నొక్కిన చోటే ఆగింది.

మంచిరోజు చూసి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, భార్యనూ మరదలు సత్యలక్ష్మినీ వెనక ఎక్కించుకుని బయలుదేరాడు. శారదా నది వంతెన దాటాక దిగుడులో బ్రేకు నొక్కితే కాలు మెత్తగా అడుగుకు పోయింది. దిగుడు చివర టీ కొట్టు ముందు చెరుకు ట్రాక్టరు ఆగి ఉంది. కారు వెళ్లి వేలాడుతున్న చెరుకు గడల్లో దూరి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చెరుకు ఆకులు మాత్రం వెనక సీటు దాకా వచ్చాయి.

టీ తాగుతున్నవాళ్లు లేచొచ్చారు. "ఏటి బావా, బ్రేకెట్టడం మర్సిపోనావా?" అన్నాడు ట్రాక్టరు అతను.

"బ్రేకుంది. ఎనకాల బరువెక్కువైపోనాది," అన్నాడు పైడిబాబు.

అందరూ వెనక సీటుకేసి చూశారు. సత్యలక్ష్మి పుల్లలా ఉంటుంది. కాబట్టి ఆ బరువెవరిదో ఎవరికీ సందేహం రాలేదు. నవ్వులు మొదలయ్యాయి. అప్పలకొండమ్మ కొప్పులో చిక్కుకున్న చెరుకాకు తీసి పక్కన పెట్టి, దిగి రోడ్డెక్కింది. ఆటో ఆపింది. మెట్టు మీద కాలు పెట్టి, దింపి, మళ్లీ పెట్టింది. చెల్లెలు నడుం పట్టుకుని లేపితే గానీ ఎక్కలేకపోయింది. పైడిబాబు స్టీరింగ్ పట్టుకుని అదంతా చూస్తూ కూర్చున్నాడు.

కారు షెడ్డుకు చేర్చాక కిందకి వంగి చూస్తూ వెనక భాగాన్ని చేత్తో నొక్కాడు. ఇరుసు పైకి జరిగింది. బిగువుగా ఉన్న తీగ బట్టలారేసే తాడులా కిందికి వేలాడింది. తనొక్కడే నడిపితే బిగువు, వెనక మనుషులు కూర్చుంటే వదులు. బరువు వల్లే అన్న మాట ఒక రకంగా నిజమే. కానీ ఆ బరువును మోయడానికే కదా కారు కట్టింది.

ఆ రాత్రి ఆమె ఎప్పటిలాగే అన్నం వడ్డించి, "పులుసులో ఉప్పు సరిపోనాదా?" అంది. ఆయన ముద్ద కలిపి కంచంలోనే వదిలేశాడు.

మర్నాడు తొడుగు కొస ఆనడానికి ఇరుసు మీద చిన్న బిగింపు వెల్డింగ్ చేసి, ఇరుసు జరిగినా తీగ వదులవకుండా కేబుళ్లకు చక్రం దాకా తొడుగు వేశాడు. లోపలి తీగను మళ్లీ కొలిచి, తగరం పోసి, కోసి బిగించాడు. ఇక బరువు పెట్టి చూడాలి. నూకరాజును పిలిచి, తలెత్తకుండా, "ఇసక మూటలేవైనా ఉన్నాయేటి?" అన్నాడు.

"ఇసకెందుకు? బరువుకి నాను లేనా?"

గుమ్మంలో అప్పలకొండమ్మ. నూకరాజు నేల చూపులు చూశాడు. ఆమె చిక్కుడుకాయల పళ్లెంతో వచ్చి వెనక సీట్లో కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

ఈసారి చక్రాలు నేల మీదే ఉంచి, పైడిబాబు వెనక నుంచి కారు కిందకు తల దూర్చాడు. నూకరాజు బ్రేకు నొక్కాడు. తొడుగు కొంచెం వంగింది గానీ తీగ బిగువు తప్పలేదు. "ఓపాలి దిగు," అన్నాడు పైడిబాబు. ఆమె దిగింది. "కూకో." కూర్చుంది.

"ఆయేళ నానన్నమాట..." అన్నాడు కింద నుంచే.

"కిందనుంచి మాటాడితే నాకినబడదు."

గ్రీజు ముఖంతో బయటికొచ్చి నిలబడ్డాడు. "తప్పు నాది. తొడుగు తీసేసింది నానే. నీ బరువు కాదు."

"నాకు సెప్తావేటి? నాకు తెల్దా? నవ్వినోళ్లకి సెప్పు."

ఆమెను ఎక్కించుకుని వంతెన దాకా పోనిచ్చాడు. దిగుడు మధ్యలో నొక్కాడు. కారు అక్కడే నిలబడింది. వదిలి, మెల్లగా టీ కొట్టు ముందుకు తెచ్చి ఆపాడు.

కొట్లో ఆ మనుషులే. "ఏటి బావా, బరువు తగ్గించేవా?" అన్నాడొకడు.

ఆన్ చేయడానికి అక్కడ గ్రైండర్ లేదు. పైడిబాబు దిగి, కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "బరువు అంతే ఉంది. బ్రేకు నాను తప్పు బిగించేను. నాకు సేతకాక మా ఇంటిదాన్ని అన్నాను."

ఈసారి ఆయన్ని చూసి నవ్వారు. బాగానే నవ్వారు. ఆయన చెవులు కాలిపోయాయి. వెనక సీట్లో ఆమె నవ్వలేదు, నది వైపు చూస్తూ కూర్చుంది. నవ్వులు ఆగాక, "ఓ టీ ఇలా పట్రా," అంది.