ఎనిమిదో నంబరు గుండ్లు

టర్కీ కోడిని పెంచుతారు, అమ్ముతారు, కోసి వండుకు తింటారు. దాన్ని వేటాడటమేమిటి? మా బామ్మర్ది నోట ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను. గట్టిగా తిట్టాల్సిన చోట నవ్వి ఊరుకోవడం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

వాడిది భూపాలపల్లి జిల్లాలో రేగొండ పక్క ఊరు. ఒకసారి సర్పంచి చేశాడు. పదవి పోయి చాన్నాళ్ళయినా ఆ నడక మాత్రం పోలేదు. అమెరికావాళ్ళెవరో ఆకుల బొమ్మల బట్టలు తొడుక్కుని, చెట్ల మొదట్లో నక్కి కూర్చుని టర్కీలను కాల్చే వీడియోలు ఫోన్లో చూసీ చూసీ వాడికీ ఆ ముచ్చట పుట్టింది. అడవిపందిని కొడితే ఫారెస్టు వాళ్ళు పట్టుకుంటారు, నెమలిని కొడితే జైలే. వాడు బాగానే ఆలోచించాడు.

"టర్కీ మీద కేసు లేదు బావా. మన తోట, మన కోడి, నీ తుపాకి. ఎవడేమంటడు?" అన్నాడు.

నా తుపాకి అంటే అసలు మా నాయినది. బచ్చన్నపేట దగ్గర మా చెలక మీద పందులు పడుతుంటే పంట కాపాడుకోవడానికని లైసెన్సు తీసుకున్నాడు. ఆయన పోయాక అది నా పేరు మీదికి మారింది. జనగామలో మా ఇంటి బీరువాలో ఉంటుంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పజెప్పడం, అయిపోయాక తెచ్చుకోవడం, అంతే దానితో నాకున్న సంబంధం. నా లైసెన్సు మీది తుపాకిని ఇంకొకడు పేల్చకూడదని నాకు తెలుసు, వాడికీ తెలుసు. కానీ మా ఆవిడ తమ్ముడి పక్షం పట్టింది. వాడు నోరు తెరిచి అడిగాడట, ఒక్కనాటి షికారే కదా అట. తిరగడానికి పోయినా షికారే, చంపడానికి పోయినా షికారే. ఆ మాట చాటున ఎంత పాడు పనైనా సరదాగానే వినబడుతుంది. నేను సరేనన్నాను.

కోళ్ళను కూడా నేనే చూపించాలట. నేను ఘనపూర్‌లో పశువుల దవాఖానలో చాలా ఏళ్ళు పనిచేశాను. డాక్టర్ని కాను, డాక్టరు చేతి కింద మనిషిని. ఆ చుట్టుపక్కల తండాలో ఒకామె టర్కీలు పెంచేది. నాకంటే పదేళ్ళు చిన్నదేమో, చెల్లె అని పిలిచేవాణ్ణి. ఆమె మందకంతా ఒకటే పుంజు. అది పిల్లగా ఉన్నప్పుడు మశూచి సోకి కళ్ళు మూసుకుపోతే, వారం రోజులు పొద్దున్నే పోయి ఉప్పునీళ్ళతో దాని కళ్ళు కడిగాను. బతికింది. పెరిగి, ఛాతీ మీద వెంట్రుకల కుచ్చుతో, తోక విప్పితే వాకిలంతా తనదే అన్నట్టు తిరిగేది. ఏ చప్పుడైనా సరే, దానికి జవాబు చెప్పకుండా ఉండదు. బండి హారను మోగినా, బిందె కిందపడినా గుళగుళమని అరిచేది.

మా బామ్మర్ది దాన్ని చూడగానే గదే కావాలన్నాడు. దానితోపాటు ఇంకో అయిదు పడుచు కోళ్ళనడిగితే, వాటిని ఆమె ఇస్తానంది. పుంజునిస్తే మాత్రం ఇక పిల్లలుండవని, మంద అంతటితో ఆగిపోతుందని చెప్పింది. అప్పుడు నేను నోరు విప్పాను. మామిడితోటలో పురుగులు ఏరి తింటాయని తీసుకుపోతున్నామని, నెల తిరగకుండా పుంజును నేనే తెచ్చి అప్పజెబుతానని అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకే తెలియదు. ఆమె నా ముఖం వంక చూసి, తోట సంగతి కాదు, దాని తిండి సంగతి అడిగింది.

"దానికేం గింజలేస్తరు సారూ?"

"జొన్నలేస్తం చెల్లె," అన్నాను.

ఆమె పుంజు కాళ్ళకు మెత్తటి గుడ్డపేలిక చుట్టి కట్టింది, తాడు ఒరుసుకోకుండా. దాన్ని కారు డిక్కీలో పెడుతుంటే నా మీద నాకే రోత పుట్టింది. ఆ దారిలోనే ఒక నిర్ణయానికొచ్చాను. పుంజును ప్రాణాలతో తెచ్చి ఆమెకిస్తాను. వీళ్ళ ముచ్చట వీళ్ళు తీర్చుకోనీ, దానికి మాత్రం చావు రాకుండా చూస్తాను. తూటాలు కొనేది నేనే కదా.

వరంగల్‌లో తుపాకుల దుకాణం నడిపే ముసలాయన లైసెన్సు తిప్పి చూసి, దేనికి అన్నాడు. టర్కీకి అంటే కళ్ళద్దాలు పైకి జరుపుకుని నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపుకే నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఓపిగ్గానే చెప్పాడు. నంబరు పెరిగేకొద్దీ లోపలి గుండు చిన్నదవుతుందట. పందికి వేసేవి బఠాణీలంత ఉంటాయి, ఒక తూటాలో పట్టేవి కొన్నే. నాలుగో నంబరు జొన్నగింజంత. ఆరోది సజ్జ. ఎనిమిదోది ఆవగింజ, అందులో వందలకొద్దీ ఉంటాయి. టర్కీకైతే నాలుగే సరి అన్నాడు. ముప్ఫై అడుగుల్లో తలకు, మెడకు గురి చూస్తే కోడికి తెలియను కూడా తెలియదట.

ఎనిమిదోది వేస్తే ఏమవుతుందని అడిగాను.

"అది కౌజు పిట్టలకు సాబ్. గంత పెద్ద కోడికేస్తే గాయమైతది గని చావదు."

చావదు. నాకు కావలసిన మాట అదే. దాని ముందున్న మాట నా చెవిన పడలేదంటే అబద్ధం. పడింది. రెండు గుండ్లు తగిలితే తగిలాయి, పసుపూ మందూ నేను రాయలేనా అనుకున్నాను. ఎనిమిదో నంబరు ఇమ్మన్నాను. ఆయన మళ్ళీ ఒకసారి నా ముఖం చూసి, పెట్టె తీసిచ్చాడు.

ఆదివారం పొద్దున తుపాకీ, తూటాలూ తీసుకుని తోటకు పోయేసరికి వాళ్ళు ముగ్గురూ తయారుగా ఉన్నారు. మా బామ్మర్ది, మహబూబాబాద్ నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు, ఆ కాంట్రాక్టరు తోడల్లుడు. ఒంటినిండా ఆకుల బొమ్మల బట్టలు, ముఖాలకు మసి. ఉక్కకు ఆ మసి కారి మెడల మీదికి దిగుతోంది. ముగ్గురివీ నిండు బొర్రలు. చెట్ల వెనక వంగి నడవలేక రొప్పుతున్నారు. ఆరు కోళ్ళను వదిలితే అవి పారిపోతాయా? మనుషుల చేతి తిండి తిన్నవి. గింజలు వేస్తారేమోనని వీళ్ళ కాళ్ళ దగ్గరికే వచ్చాయి. అడవికోళ్ళలా కనబడాలని వాటిని రాళ్ళతో కొట్టి తరిమారు. తరిమితే కొంచెం దూరం పోయి మళ్ళీ వచ్చాయి. ఇంతకంటే సిగ్గుమాలిన వేట ఈ భూమ్మీద జరిగి ఉండదు. నేను గట్టు మీద కూర్చుని అదంతా చూశాను. లేచి ఆపలేదు.

మా బామ్మర్ది మొదటి తూటా గాల్లోకే పోయింది. ఆ చప్పుడుకు పుంజు మెడ సాచి గుళగుళమని జవాబు చెప్పింది. అందరూ పడీపడీ నవ్వారు. కాంట్రాక్టరు ఫోన్ పట్టుకుని వీడియో తీయడం మొదలుపెట్టాడు. పుంజు ఎండలో నిలబడి తోక విప్పింది. అప్పుడు రెండో తూటా పేలింది.

అది పడలేదు. ఉన్నచోటే కూలబడి, మళ్ళీ లేచి నిలబడింది. తలంతా నెత్తురు. కళ్ళున్న చోట కళ్ళు లేవు. ఎటు పోవాలో తెలియక ఒకే చోట గిర్రున తిరుగుతోంది. మూడో తూటా పేలితే, ఆ చప్పుడుకూ జవాబు చెప్పింది. నాలుగోదానికీ చెప్పింది. గట్టి ప్రాణంరా దీనిది అని వాళ్ళు మెచ్చుకున్నారు. కత్తి ఇవ్వండి, నేను కోస్తానని అరిచాను. షికారులో కత్తి పట్టొద్దు బావా అన్నాడు వాడు. నేను గట్టు దిగలేదు.

మిగతావాటిలో మూడింటిని రెండు బారల దూరం నుంచి కాల్చి పడేశారు. రెండు పక్క పత్తిచేలోకి ఉరికాయి. అంతటితో వాళ్ళ మోజు తీరిపోయింది. ఆ కోళ్ళనైనా తిన్నారా అంటే అదీ లేదు. గుండ్లు పంటి కింద పడతాయట, టర్కీ మాంసం గట్టిదట. భూపాలపల్లికి మనిషిని పంపి బాయిలర్ కోడి బిర్యానీ తెప్పించుకున్నారు. థూ! పడిన కోళ్ళ మీద ఈగలు ముసురుతుంటే, వాటి పక్కనే కూర్చుని తిన్నారు.

నేను పుంజును గోనెసంచిలో చుట్టుకుని కారెక్కాను. ఇంకా ఊపిరి ఆడుతోంది. దవాఖానకు పోయి లాభం లేదని నాకు తెలుసు. ఎటు పోవాలో తోచక తండాకు పోయాను.

కారు చూసి ఆమె నవ్వుకుంటూ ఎదురొచ్చింది. నెల అని చెప్పి వారానికే తెచ్చానని సంబరపడింది. సంచి దించి మూతి విప్పాను. ఆమె వంగి చూసింది, నవ్వు పోయింది. కింద కూర్చుని, దాన్ని ఒళ్ళోకి తీసుకుని, ఈకలు పాయలు చేసి వేళ్ళతో ఒళ్ళంతా తడిమింది. వేలు పెట్టిన ప్రతి చోటా తోలు కింద ఒక గుండు. నేను ఉన్నదంతా చెప్పేశాను. మా బామ్మర్ది సంగతీ, షికారు సంగతీ. చావొద్దనే చిన్న గుండ్లు తెచ్చానని కూడా చెప్పాను. అది చెబుతుంటే నా మాట నాకే కంపు కొట్టింది.

"చూపొస్తదా?" అంది.

"రాదు."

"బతుకుతదా?"

బతకదని తల అడ్డంగా ఊపాను. ఆమె లోపలికి పోయి కత్తి తెచ్చింది. రెక్కలను పాదం కింద మెత్తగా అదిమి పట్టుకుని, తన లంబాడీ మాటలో దానితో ఏదో అంది. ఆ గొంతు విని పుంజు గుళగుళమనబోయింది. ఆమె ఒకటే వేటు వేసింది. దానికి తెలియను కూడా తెలియలేదు.

చేతులు కడుక్కోలేదు. మెడ తోలు కింద నల్లగా కనబడుతున్న గుండును గోటితో పైకి తీసి, అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, అది నా చేతిలో పెట్టింది.

"జొన్నలేస్తమంటివి గద సారూ," అంది.